సర్యాన్ కొండలు నిజంగానే నీలంగా ఉంటాయా?

మీ ప్రశ్న సారాంశం ఇది: మార్తిరోస్ సర్యాన్ అనే ఆర్మేనియా చిత్రకారుడి బొమ్మలు ఫోనులో చూశారు. కొండలు నీలం, నేల నారింజ, నీడలు ఊదా. మీకు ఆ అరిచే రంగులు అతిగా ఉన్నాయనీ, ఫ్రెంచి చిత్రకారుడు మతీస్‌ను అనుకరించినట్టనీ అనిపించింది. ఇలాంటి ఆయనను గొప్ప ప్రకృతి దృశ్య చిత్రకారుడని ఎందుకంటారు, ఆ బొమ్మల్ని ఎలా చూడాలి అని అడిగారు.

ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పినవాణ్ణి కాబట్టి ముందు ఒక్క మాటలో జవాబు చెప్పి, తర్వాత తీరిగ్గా మాట్లాడతాను. ఆ రంగులు ఊహలోంచి పుట్టినవి కావు, చూసి వేసినవి. ఎండ మండిపోయే, చెట్టు నీడ దొరకని ఎత్తైన పీఠభూమి మీద మిట్టమధ్యాహ్నం నిలబడితే లోకం దాదాపు అలాగే కనిపిస్తుంది. మిగిలిన కొద్ది తేడా ఆయన కావాలని చేసింది. ఎందుకు చేశారో తెలియాలంటే కొంత కథ తెలియాలి.

నేను సర్యాన్‌ను మొదట చూసింది ఒక సోవియట్ పోస్టుకార్డు మీద. మా ఊరికి వచ్చే విశాలాంధ్ర పుస్తకాల వ్యానులో కొన్నాను. అచ్చు నాసిరకం, ఎరుపు ముదిరిపోయి ఉంది. మీలాగే నేనూ 'ఇదేమి రంగులయ్యా' అనుకుని పక్కన పెట్టేశాను. చాలా ఏళ్ల తర్వాత మాస్కోలోని ట్రెట్యాకోవ్ గ్యాలరీలో అసలు బొమ్మల ముందు నిలబడ్డాక గానీ నా పొరపాటు తెలియలేదు. అసలు బొమ్మలో మెరుపు లేదు. సున్నం కొట్టిన గోడలాగా, ఆరిన మట్టిలాగా ఉంది ఆ పైపూత. ఫోను తెర వెలుగుతుంది, కార్డు మెరుస్తుంది, ఆ బొమ్మ రెండూ చేయదు. మీరు చూసిన 'అరిచే రంగులు' సగం మీ ఫోనువే.

సర్యాన్ పుట్టింది ఆర్మేనియాలో కాదు. 1880లో, దాన్ నది ఒడ్డున ఉన్న నోర్ నఖిచెవాన్‌లో. ఇప్పుడది రష్యాలోని రొస్తోవ్ నగరంలో కలిసిపోయింది. రష్యా రాణి రెండో కేథరిన్ కాలంలో క్రిమియా నుంచి తరలించిన ఆర్మేనియన్లు 1779లో కట్టుకున్న ఊరు అది. అంటే ఈయన పెరిగింది కొండ అన్నది కనిపించని గడ్డిమైదానంలో, సంబెక్ ఏటి దగ్గరి పొలంలో. ఆకాశం, గడ్డి, పూలు, పశువులు, అంతే. తర్వాతి కాలంలో ఆయన వేసిన పూల బొమ్మలు చూస్తే ఆ గడ్డినేల ఎక్కడికీ పోలేదనిపిస్తుంది.

బడి చదువు ముగిశాక పత్రికల చందాలు కట్టించుకునే ఒక ఆఫీసులో గుమస్తాగా చేరారు. ఖాళీ దొరికితే వచ్చిపోయేవాళ్ల మొహాలు గీసేవారు. అలా గీసిన ఒక ముసలాయనకు జబ్బు చేసింది. 'ఈ కుర్రాడు నా బొమ్మ గీశాడు, అందుకే పడకేశాను' అని ఆయన గొడవ పెట్టుకున్నాడు. ఈ కథ సర్యాన్ తనే చెప్పుకున్నారు. దాని ఫలితం మాత్రం మంచిదే అయింది. తమ్ముడి చేతిలో ఏదో ఉందని అన్నకు అర్థమై, మాస్కోకు చదువుకు పంపాడు. దిష్టి తగిలించే చేయి అని మన పల్లెల్లో అయితే ఆ గీతలు అక్కడితో ఆపించేవారేమో!

మాస్కో చిత్ర, శిల్ప, వాస్తు కళాశాలలో 1897 నుంచి 1904 దాకా చదివారు. వాలెంతిన్ సెరోవ్, కొన్‌స్తాంతిన్ కొరోవిన్ గురువులు. ఇద్దరూ వెలుగును, గాలిని, తడిని అద్భుతంగా పట్టగలవాళ్లు. ఆ చదువు మధ్యలో, 1901లో, సర్యాన్ మొదటిసారి తన పూర్వీకుల నేలకు వెళ్లారు. లోరి లోయలు, సేవన్ సరస్సు, ఆర్మేనియా చర్చికి కేంద్రమైన ఎచ్మియాద్జిన్ మఠం, ఇప్పటి రాజధాని యెరెవాన్ తిరిగారు. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, కొండలు ఎరగని మనిషి ఒక్కసారిగా ఆ దేశాన్ని చూస్తే ఏమవుతుందో ఊహించండి. మాస్కోలో నేర్చిన చేతికి అక్కడ పని లేకుండా పోయింది. రష్యా వెలుగు తేమతో కూడినది. ఒక రంగు ఇంకో రంగులోకి మెల్లగా జారిపోతుంది. ఆర్మేనియాలో గాలి పొడి, నేల ఎత్తు. ఎండ ఉన్నచోట ఎండ, నీడ ఉన్నచోట నీడ, మధ్యలో కత్తితో కోసినట్టు గీత. దూరాన ఉన్న కొండ కూడా దగ్గరి గోడంత స్పష్టంగా ఉంటుంది.

ఆ సమస్యకు జవాబు వెతకడానికే ఆయనకు ఏడెనిమిదేళ్లు పట్టింది. 1903 నుంచి 1908 దాకా వేసిన 'కథలు, కలలు' వరుస బొమ్మలు నీటిరంగుల్లో కరిగిపోయే మార్మిక దృశ్యాలు. 1907లో మాస్కోలో 'నీలి గులాబీ' ప్రదర్శనలో పావెల్ కుజ్నెత్సోవ్ వంటి మిత్రులతో పాటు ఈయన బొమ్మలూ పెట్టారు. నన్ను అడిగితే, ఆ కాలపు బొమ్మలు అందంగానే ఉంటాయి గానీ వాటిని ఎవరైనా వేసి ఉండవచ్చు. సర్యాన్ సర్యాన్ అయింది 1909 ప్రాంతంలో. అప్పుడు వేసిన 'ఎండ: పరుగెత్తే కుక్క' చూడండి. పసుపు నేల, దాని మీద ముదురు నీలి కుక్క. నీడ నలుపు కాదు, బూడిద కాదు, అది కూడా ఒక రంగే. చిత్రకారుడు నలుపు గిన్నెను పక్కకు నెట్టేసిన క్షణం అది.

ఇక్కడ సరుకు సంగతి చెప్పాలి. విద్యార్థులు దీన్నే పట్టించుకోరు. ఆయన నూనె రంగులు వదిలి టెంపెరాకు మారారు. టెంపెరా అంటే రంగు పొడిని గుడ్డు సొన వంటి జిగురుతో కలిపి వేసే పాత పద్ధతి. నూనె రంగు రోజుల తరబడి పచ్చిగా ఉంటుంది, ఒకదానిలో ఒకటి రుద్ది కలపవచ్చు, తప్పు దిద్దుకోవచ్చు. టెంపెరా నిమిషాల్లో ఆరిపోతుంది. రుద్దితే కలవదు. కాబట్టి ప్రతి కుంచె వేటుకూ ముందే నిర్ణయం జరిగిపోవాలి: ఇది ఏ రంగు, ఎంత వెడల్పు, ఎక్కడ ఆగుతుంది. సర్యాన్ అట్ట మీద వెడల్పు కుంచెతో వేసిన వేట్లు లెక్కపెట్టవచ్చు. ఆరాక మెరుపు ఉండదు. ఎండకు ఎండిన గోడను వేయడానికి ఇంతకంటే తగిన సరుకు ఏముంటుంది? పదార్థమే ఆయనకు పొడి వెలుగును నేర్పిందని నా నమ్మకం.

మతీస్ సంగతి. మీ అనుమానం పూర్తిగా గాలిలోది కాదు. మాస్కో వ్యాపారి ష్చూకిన్ ఇంట్లో ఫ్రెంచి చిత్రకారులు గొగాఁ, మతీస్‌ల బొమ్మలు ఉండేవి. 1908లో 'బంగారు ఉన్ని' పత్రిక వాళ్లు పెట్టిన ప్రదర్శనలో ఫ్రెంచి కొత్త చిత్రకారులనూ రష్యన్లనూ పక్కపక్కనే వేలాడదీశారు. సర్యాన్ చూశారు. చూసి ధైర్యం తెచ్చుకున్నారు, అందులో దాచడానికి ఏమీ లేదు. అయితే ధైర్యం తెచ్చుకోవడం వేరు, నకలు చేయడం వేరు. మతీస్ ఎర్రటి గది వేస్తే ఆ గది అచ్చంగా ఎర్రగా ఉండాల్సిన పని లేదు. ఆయనకు బొమ్మ ఉపరితలమే ముఖ్యం. సర్యాన్ నారింజ రంగు గోడ వేస్తే, ఆ గోడ మీద మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ ఎండ పడుతోందని మీకు తెలుస్తుంది. ఒంటికి వేడి తగులుతుంది. ఫ్రెంచి ఆయన రంగు గోడకు అలంకారం, ఆర్మేనియా ఆయన రంగు వాతావరణం. కొంత మోటుగా చెప్పానేమో గానీ, రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని చూడండి, తేలిపోతుంది.

పైగా ఆయన తూర్పు కోసం తూర్పుకే వెళ్లారు. 1910లో కాన్‌స్టాంటినోపుల్, 1911లో ఈజిప్టు, 1913లో వాయవ్య పర్షియా. మతీస్ మొరాకో వెళ్లింది 1912లో. 'వీధి. మధ్యాహ్నం. కాన్‌స్టాంటినోపుల్' అన్న 1910 నాటి బొమ్మ ట్రెట్యాకోవ్‌లోనే ఉంది. ఇరుకు సందు. ఒక వైపు మండే నారింజ గోడలు, మరో వైపు చల్లటి నీలం నీడ. పైన సన్నటి ఆకాశం ముక్క, కింద చీమలంత మనుషులు. ఎదురెదురు రంగులు రెండు పెట్టుకుని ఒక నగరపు ఉక్కపోతను మొత్తం చెప్పేశారు. మరుసటి ఏడు వేసిన 'ఖర్జూర చెట్టు' కూడా అక్కడే చూడవచ్చు. మట్టి ఇళ్ల మధ్య నుంచి లేచి బొమ్మనంతా ఆక్రమించే చెట్టు, దాని కింద ఒంటె, మనుషులు. ఒక్కొక్క ఆకు ఒక్కొక్క కుంచె వేటు. నేను తరగతిలో ఈ బొమ్మ చూపించి 'ఎన్ని రంగులు ఉన్నాయి?' అని అడిగేవాణ్ణి. పిల్లలు ఇరవై అనేవారు. నిదానంగా లెక్కపెడితే వేళ్ల మీద అయిపోయేవి.

ఇప్పటిదాకా చెప్పింది చేతిపని గురించి. 1915 దగ్గర కథ మారుతుంది.

ఆ ఏడు ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఆర్మేనియన్ల ఊచకోత మొదలయ్యాక, ప్రాణాలతో బయటపడ్డ శరణార్థులు సరిహద్దు దాటి ఎచ్మియాద్జిన్‌కు వచ్చిపడ్డారు. సర్యాన్ సాయం చేయడానికి అక్కడికి వెళ్లారు. మఠం చుట్టూ ఆకలి, అంటురోగాలు, కళ్ల ముందే చావులు. మనిషి తట్టుకోలేకపోయారు. మనసు చెదిరిన స్థితిలో ఆయనను తిఫ్లిస్‌కు, అంటే ఇప్పటి త్బిలిసికి చేర్చారు. కోలుకున్నాక ఆయన వేసినవి శవాలు కావు. పూలు. 1916లో, రచయిత ఘజారోస్ అఘాయాన్ కుమార్తె లూసిక్‌ను అక్కడే పెళ్లి చేసుకున్నారు.

అంతటిది చూసిన మనిషి ఒక్క బొమ్మలోనైనా ఆ దుఃఖాన్ని ఎందుకు వేయలేదని కొందరు ఆయనను తప్పుపడతారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. 1921 తర్వాతి పని చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

1921లో సోవియట్ ఆర్మేనియా ప్రభుత్వాధినేత అలెగ్జాండర్ మ్యాస్నిక్యాన్ పిలుపు మీద సర్యాన్ కుటుంబంతో యెరెవాన్‌కు వచ్చి స్థిరపడ్డారు. అప్పటి యెరెవాన్ దుమ్ముతో నిండిన చిన్న మట్టి ఇళ్ల ఊరు. దేశం నిండా శరణార్థులు, వేల సంఖ్యలో అనాథ పిల్లలు. మ్యూజియం కావాలి, చిత్రకళా పాఠశాల కావాలి, నాటకశాలకు తెర కావాలి. అన్నింటిలోనూ ఈయన చేయి ఉంది. తర్వాత సోవియట్ ఆర్మేనియా రాజముద్రను కూడా ఈయనే రూపొందించారు, దాని మధ్యలో అరరాత్ పర్వతాన్ని నిలబెట్టారు.

ఆ పరిస్థితిలో, 1923లో, 'ఆర్మేనియా' అనే బొమ్మ వేశారు. ముందు భాగంలో పల్లె ఇంటి చదును కప్పు, దాని మీద నాట్యం చేసే స్త్రీలు. వెనక లోయలు, పొలాలు, గుడి, వాటి మీద ఒకదాని వెనక ఒకటిగా కొండలు, చివర మంచు శిఖరం. అలాంటి చోటు ఆర్మేనియాలో ఎక్కడా లేదు. ఒకచోట నిలబడితే ఇవన్నీ కలిపి కనిపించవు. తిరిగిన ఊళ్లన్నీ తలలో పేర్చుకుని ఒక దేశాన్ని బొమ్మలో కట్టారు. చూసేవాడి కన్ను పక్షి ఎత్తులో ఉంటుంది. ఏ వస్తువూ మసకబారదు. అదే ఏడు వేసిన 'కొండలు. ఆర్మేనియా' కూడా ఇంతే. ముందు దుక్కి దున్నే రైతులు, ఎడ్లు, వెనక నీలి కొండల కెరటాలు. దున్నే మనిషి వేలెడంత లేడు గానీ, అతను లేకపోతే ఆ కొండలకు అర్థం లేదు.

చెల్లాచెదురైన జనానికి 'ఇదీ మీ దేశం, ఇలా ఉంటుంది' అని చూపించిన బొమ్మలవి. దుఃఖం ఎరగని మనిషి సంతోషంగా వేసినవి కావు. ఎచ్మియాద్జిన్ చూసివచ్చిన మనిషి పట్టుబట్టి వేసినవి. మీరు 'అతిగా ఉన్నాయి' అన్న ఆ రంగుల్లో మిగిలిన కొద్ది తేడా ఇదే.

పోల్చి చూడాలంటే గెవోర్గ్ బాషింజాఘ్యాన్ బొమ్మలు వెతకండి. 1857లో పుట్టారు, 1925లో పోయారు. ఆర్మేనియా ప్రకృతి చిత్రణకు బాట వేసింది ఆయనే. సేవన్ సరస్సు మీద వెన్నెల, పొగమంచులో అరరాత్, అన్నీ నెమ్మదిగా, నునుపుగా ఉంటాయి. నాకు చాలా ఇష్టం. కానీ ఆయన బొమ్మ ముందు మీరు కిటికీలోంచి చూస్తున్న అతిథి. సర్యాన్ బొమ్మలో మీరు కప్పు మీద నిలబడి ఉంటారు.

ఆ తర్వాత నష్టాల వరుస. 1926లో పారిస్ వెళ్లి రెండేళ్లు పనిచేశారు. 1928 జనవరిలో అక్కడ ప్రదర్శన జరిగింది. బొమ్మల్ని ఓడలో ఇంటికి పంపితే ఓడలో నిప్పంటుకుంది. దాదాపు నలభై బొమ్మలు కాలిపోయాయి. పారిస్ సర్యాన్ ఎలా ఉండేవారో ఈరోజు మనం చూడగలిగింది మిగిలిన గుప్పెడు బొమ్మల్లోనే. 1937లో ఇంకో రకం మంట. స్టాలిన్ కాలపు అణచివేతలో 'ప్రజాశత్రువులు' అని ముద్రపడ్డ వాళ్లకు ఆయన వేసిన చిత్తరువులను తగలబెట్టారు. కవి యెఘిషె చారెంత్స్ ఆ ఏడే జైలులో చనిపోయారు. 1923లో సర్యాన్ వేసిన ఆయన చిత్తరువు మాత్రం మిగిలింది. పక్కన ఈజిప్టు ముసుగుతో ఉంటుంది, తప్పక చూడండి. 1940ల చివర 'రూపవాది', అంటే విషయాన్ని వదిలి రూపాన్నే పట్టుకునేవాడు, అన్న నింద కూడా మోశారు. ఆ రోజుల్లో సోవియట్ దేశంలో చిత్రకారుడికి అది చిన్న తిట్టు కాదు.

బిరుదులూ వచ్చాయి. సంగీతకారుడు స్పెందియార్యాన్ ఒపెరా 'అల్మాస్త్' రంగాలంకరణకు 1941లో స్టాలిన్ బహుమతి, 'నా మాతృభూమి' వరుస చిత్రాలకు 1961లో లెనిన్ బహుమతి. తిట్టిన వ్యవస్థే నెత్తిన పెట్టుకోవడం అక్కడ కొత్త కాదు. నిజాయితీగా చెప్పాలంటే, 1930ల నుంచి 50ల దాకా వేసినవన్నీ ఒక స్థాయిలో లేవు. సమష్టి వ్యవసాయ క్షేత్రాలు, గనులు, ప్రముఖుల చిత్తరువులు కొన్ని మొక్కుబడిగా ఉంటాయి. టెంపెరా వదిలి మళ్లీ నూనె రంగుల్లోకి వచ్చాక ఆ పొడి గరుకుదనం తగ్గింది. కొన్ని చోట్ల రంగు తీపి ఎక్కింది. ఆయన్ను దేవుణ్ణి చేసేవాళ్లు ఈ మాట ఒప్పుకోరు. అయితే అదే కాలంలో, 1952లో, తుమాన్యాన్ కొండల్లోని కరింజ్ పల్లెను వేశారు. ఎత్తు మీది పొలాలు, వాటి వెనక పీఠభూమి అంచులు. డెబ్బై దాటిన చేయి అది! అధికారులకు కావలసిన 'సమష్టి క్షేత్రం' పేరులో ఉంది, బొమ్మలో ఉన్నది కొండ.

అరరాత్ గురించి చెప్పకుండా ఈయన కథ పూర్తికాదు. 5,137 మీటర్ల ఆ పర్వతం యెరెవాన్ వీధుల్లోంచి కనిపిస్తుంది. కానీ ఉన్నది టర్కీలో. సర్యాన్ యెరెవాన్‌కు వచ్చిన 1921లోనే కార్స్ ఒప్పందం సరిహద్దును ఖాయం చేసింది. అంటే యాభై ఏళ్లపాటు ఆయన కాలు పెట్టలేని కొండను వేస్తూ పోయారు. వసంతంలో, శరదృతువులో, ద్వీన్ మైదానం నుంచి, తను స్థిరపడ్డ యెరెవాన్ నుంచి. నేను యెరెవాన్ వెళ్లింది వేసవిలో. మూడు రోజులు కొండ జాడ లేదు, వేడికి లేచిన మసకలో మాయమైంది. నాలుగో రోజు పొద్దున్నే బస చేసిన ఇంటి మెట్ల మీదికి వస్తే ఎదురుగా ఉంది. అడుగు భాగం ఆకాశం రంగులో కలిసిపోయి, మంచు టోపీ ఒక్కటే గాలిలో తేలుతోంది. నీలమే. సర్యాన్ వేసిన నీలమే. ఆ రోజు నాకు ఆయన మీద కొంచెం కోపం కూడా వచ్చింది. ఇన్నేళ్లు కవిత్వం అనుకున్నది ఉత్త రిపోర్టు అని తేలిపోయింది కదా.

ఆయన పేరే పెట్టిన వీధిలో ఆయన ఇల్లు, దానికి ఆనుకుని మ్యూజియం ఉన్నాయి. మ్యూజియం 1967లో తెరిచారు, ఆయన బతికి ఉండగానే. 1972 మే 5న, 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు. నగరంలోని కొమితాస్ సమాధుల తోటలో ఉన్నారు. ఆయన విగ్రహం ఉన్న పార్కులో వారాంతాల్లో స్థానిక చిత్రకారులు బొమ్మలు అమ్ముకుంటారు. ముప్పాతిక వంతు అరరాత్‌లే! కొంతకాలం ఆర్మేనియా కరెన్సీలో ఇరవై వేల ద్రాముల నోటు మీద సర్యాన్ బొమ్మ ఉండేది. 2018లో వచ్చిన కొత్త నోటు మీదికి సముద్ర చిత్రకారుడు ఐవజోవ్‌స్కీ వచ్చారు. ఆయనా ఆర్మేనియనే.

ఇక ఎలా చూడాలి అన్న ప్రశ్న. ఫోను వెలుతురు సగానికి తగ్గించి, 1909 నుంచి 1914 మధ్య బొమ్మలతో మొదలుపెట్టండి. 1923 బొమ్మలు తర్వాత. బహుమతులు వచ్చినవి ఆఖరికి. ప్రతి బొమ్మలో ముందుగా నీడ ఎక్కడుందో వెతకండి, కొండ సంగతి తర్వాత. నీడ ఏ రంగు? దాని పక్కన ఎండ ఏ రంగు? ఆ రెండింటి మధ్య గీత ఎంత పదును? సర్యాన్ మొత్తం అక్కడే ఉన్నారు.

చూడటంతో ఆగకండి. వచ్చే మే నెలలో ఒక మధ్యాహ్నం, సున్నం వేసిన గోడ మీద చెట్టు నీడ పడే చోటు చూసుకుని కూర్చోండి. గుడ్డు సొనతో అవస్థ పడనక్కర్లేదు, పోస్టర్ రంగులు, ఒక అట్ట, వెడల్పు కుంచె చాలు. గంటలో ముగించాలి, దిద్దకూడదు. నలుపు సీసా ఇంట్లోనే వదిలి వెళ్లండి. మొదటి నాలుగైదు బొమ్మలు ఘోరంగా వస్తాయి. నావి పది దాకా అలాగే వచ్చాయి. ఆరోదో ఏడోదో వేసినప్పుడు నీడలో నీలం తనంత తానే కనిపిస్తుంది. దాన్ని ఫోటో తీసి నాకు చూపించండి. దొంగతనంగా బూడిద రంగు కలిపి ఉంటే మాత్రం పట్టేస్తాను.